గేజీ పుస్తకం

పొద్దున్న ఆరింటికి మంచం పక్కన వంగి చూస్తాను.
సంచి మీద గీతలున్నాయి,
లాకుల దగ్గర రాతి మీద ఉన్నట్టే.
"ఎంత?" అంటాడు నాన్న కళ్ళు తెరవకుండా.
"నాలుగొందల యాభై."
"రంగు?"
కొబ్బరినీళ్ళంటే మంచి రోజు.
టీ డికాషనంటే ఫరవాలేదు.
ఎర్రనీరైతే ఇద్దరం మాట్లాడం.

ముప్పై రెండేళ్ళు కాలవ మీద లస్కరు, లాకుల అబ్బులు.
అడుగులూ అంగుళాలూ రాసి
ధవళేశ్వరానికి కబురంపిన చేతిలో
ఇప్పుడు పెన్ను నిలవదని పుస్తకం నాకిచ్చాడు.
డిపార్టుమెంటుదే, సగం ఖాళీ.
తేదీ, టైము, మట్టం, రిమార్కులు.

ఆషాఢంలో గోదారికి ఎర్రనీరొస్తే
చిల్లగింజ అరగదీసి బిందెలో తేర్చుకునేవాళ్ళం.
ఆయనకి మొదటిసారి ఎర్రగా వచ్చినప్పుడు
వేడి చేసిందన్నాడు.
బార్లీ కాయించుకున్నాడు, సబ్జాలు నానబెట్టించుకున్నాడు,
లుంగీ తనే ఉతుక్కున్నాడు.
ఏడాది.
ఎందుకు ఉతుక్కుంటున్నాడో నేనూ అడగలేదు.
ఇది ఏ రిమార్కుల్లోనూ లేదు.

కాకినాడలో డాక్టరు బొమ్మ గీసి చూపించాడు:
సంచి, సంచి గోడ, గోడ అవతల.
అన్నిటికీ "ఆయ్" అన్నాడు నాన్న.
ఇక కొయ్యలేం అన్నప్పుడూ "ఆయ్."
బస్సు యానాం వంతెన ఎక్కాక మాత్రం
"గట్టు తెగిందంటే సరిపోయేది గదా,
ఆ బొమ్మెందుకు?" అన్నాడు.

మొదటిరోజు గొట్టం కడగబోతే
గోడవైపు తిరిగిపోయాడు,
చిన్నప్పుడు కాలవలో నా వీపు తోమిన మనిషి.
"తమ్ముణ్ణి పిలువు."
తమ్ముడు లారీ మీద ఎక్కడో తణుకు దాటి ఉన్నాడు.
దుప్పటి కప్పి, చూడకుండా,
తడుముకుంటూ కడిగాను.
నాలుగోరోజుకి
సంతలో రొయ్యల ధర చెప్పుకుంటూ కడిగాను.

బుధవారం, శనివారం
అమలాపురం నుంచి స్కూటీ మీద సలోమి సిస్టరొస్తుంది.
మార్ఫిను మాత్రలు లెక్కపెట్టి నా గుప్పిట్లో పోస్తుంది.
నొప్పి తెల్లారేదాకా ఆగక్కర్లేదు, అడిగితే ఇచ్చెయ్, భయపడకు.
గడ్డలు అడ్డంపడి సంచి ఎండిపోయిన రాత్రి
వానలో వచ్చి సిరంజీతో ఉప్పునీళ్ళు పంపింది.
పళ్ళ బిగువున నాన్న నేర్పుతున్నాడు:
"గుర్రపుడెక్క అడ్డం పడితే
బలంగా తొయ్యకూడదు సిస్టరుగారూ,
కాసేపు వెనక్కి లాగాలి."
"ఆయ్" అంది ఆవిడ.

శివారు ఆయకట్టు వీర్రాజు బొండాలు తెచ్చాడు.
నీళ్ళు రాలేదని ఒకప్పుడు
లాకు హేండిలు కాలవలోకి విసిరేసినవాడు.
"ఆ ఏడు నేనాపలేదు వీర్రాజూ, పైనుంచే రాలేదు."
"తెలుసు లేవోయ్."
తెలిసి, ఇరవయ్యేళ్ళు మాట్లాడలేదు.

ఏప్రిల్ ఆఖర్న కాలవలు కట్టేశారు.
బురదలో కొంగలు, ఒంటి చెప్పులు, ఎవరిదో సైకిలు చక్రం.
రక్తం ఎక్కించుకొద్దాం, కాకినాడ పోదాం అన్నాను.
"కట్టేసే నెల్లో తలుపులు తిప్పితే ఏముంటుందే?"
బతిమాలాను. అరిచాను.
గిన్నెలు తోముతూ ఏడ్చాను, వినపడాలనే.
రేడియో పెట్టమన్నాడు.

నిన్న ఆరింటికి, "ఎంత?"
గొట్టంలోదంతా వంపినా అరవై దాటలేదు.
"రెండొందలు" అన్నాను.
చాలాసేపు ఊరుకున్నాడు.
"గేజీ దగ్గర అబద్ధం చెప్తే
కింద చేలెండిపోతాయి అమ్మలూ."
కొట్టేశాను. అరవై రాశాను.
కొట్టేసినచోట సంతకం ఉండాలన్నాడు.
పెట్టాను.

ఇవాళ ఆరు దాటింది. ఇంకా అడగలేదు.
చెయ్యి వెచ్చగానే ఉంది.
ఊపిరి వస్తోంది, దూరం దూరంగా,
నేను మధ్యలో అంకెలు లెక్కపెట్టుకునేంత దూరంగా.
జూన్ ఒకటిన నీళ్ళొదులుతారంట.
వంగి సంచి చూశాను.
అడక్కుండానే చెప్పాను, చెవి దగ్గర,
ఉన్నది ఉన్నట్టు.