తేదీ అడుగుతోంది

తంబుచెట్టి వీధిలో తొమ్మిదింపావుకి
షట్టరు సగమే ఎత్తగలిగాను, నడుము పట్టేసి.
మిగతా సగం చెంగమ్మ ఎత్తింది.
ఊత్తుకోట అవతల్నుంచి మొదటి బస్సుకి వచ్చి
అప్పటికే గంటగా మెట్టు మీద కూచునుంది.
ఒళ్ళో ప్లాస్టిక్ కవరు,
కవర్లో రెండు కాయితాలు, రెండు పేర్లు.
పట్టాలో చెంగమ్మ. రేషన్ కార్డులో సెంగమ్మాళ్.
పదిన్నరకి వక్కీలు కోర్టు లోపలికెళ్ళేలోగా
ఆ ఇద్దరూ ఒకరేనని
నేను టైపు కొట్టివ్వాలి.

స్విచ్చి నొక్కాను.
ఫ్యాను తిరిగింది. పచ్చదీపం వెలిగింది.
తెర మాత్రం
కడిగి బోర్లించిన పెనం.
లోపల్నుంచి కూత: ఒకటి, రెండు, మూడు.
ఆగి, మళ్ళీ మూడు.

"పిట్టేమన్నా దూరిందా నాయనా?"

రెండు వేల పదిహేను వరద తర్వాత
రెండిటుకల మీద కూర్చోబెట్టిన డబ్బా ఇది.
వైరు ఊడదీసి పెట్టాను. వీపున తట్టాను.
మానిటరు తాడు మార్చాను.
అద్దె బాకీ ఉన్నవాడు ఓనర్ని పలకరించినంత మర్యాదగా
మళ్ళీ నొక్కాను.
మూడే.

రిచీ స్ట్రీట్ ఇల్యాస్‌కి ఫోన్ చేస్తే
నోట్లో ఇడ్లీతో నవ్వాడు.
"మూడంటే మెమరీ అన్నా. నేనొచ్చేసరికి మధ్యాన్నం.
మీరే విప్పండి. ముందు వైరు పీకండి,
ఏదైనా ఇనుము ముట్టుకోండి, ఒంట్లో కరెంటు దిగిపోవాలి.
ఆ పచ్చపలక తీసి, దాని బంగారు పళ్ళని
రబ్బరుతో తుడవండి. పిల్లకాయల రబ్బరు."

ఇన్నేళ్ళుగా అన్నం పెడుతోంది,
ఒక్కసారైనా పక్కతలుపు తీసి చూశానా!
లోపల దుమ్ము, ముసలి పిల్లి బొచ్చులా.
ఎండిన బల్లి తోక. ఒక గుండుసూది, నాదే.
అడుగున సన్నగా బురద గీత,
వరద నిలబడి వెళ్ళిన ఎత్తు.
చెంగమ్మ కొంగుతో తుడవబోతే వద్దన్నాను.
జిరాక్స్ సెల్వి కూతురి పెన్సిల్ డబ్బాలోంచి
స్ట్రాబెరీ వాసన రబ్బరు వచ్చింది.

"ఏం పొయ్యింది దాంట్లో?"
"జ్ఞాపకం."
"రుద్దితే వస్తాదా?"
"రావాలి."
"అట్లయితే మా మరిదినీ ఎంటబెట్టుకోని
రావాల్సింది నాయనా."

పలక దూర్చి నొక్కితే
అటూ ఇటూ చెవులు టిక్కుమన్నాయి.
ఈసారి ఒక్కటే కూత, పొట్టిది.
నల్లతెర మీద తెల్లటి అక్షరాలు:
లెక్క తప్పిందట, తేదీ తెలియదట,
ముందుకెళ్ళాలంటే ఎఫ్ వన్ నొక్కాలట.
నొక్కాను. మూలన కనిపించింది:
ఒకటి, జనవరి, రెండు వేల తొమ్మిది.

నాణెమంత బ్యాటరీ ఒకటుంటుంది,
అది చచ్చిపోయింది అన్నాడు ఇల్యాస్.
మనం ఆపేసి ఇంటికెళ్ళాక
రాత్రంతా అదొక్కటే మేలుకుని
రోజులు లెక్కపెట్టేదట.
ఇన్నాళ్ళూ నా కొట్లో నైట్ డ్యూటీ ఉందని
నాకే తెలియదు.

చెంగమ్మ అను నేను, సెంగమ్మాళ్ అని కూడా
పిలవబడుచున్న నేను, ఇద్దరమూ ఒకరమేనని...
తేదీ దానంతటదే పడింది,
రెండు వేల తొమ్మిది.
నాలిక్కరుచుకుని ఆమెకి చెప్పాను.
కాసేపు తెర వంక చూసింది, చదవడం రానిది.
"అట్నే ఉంచితే కుదరదా?
ఆ యేడు చేను నా చేతిలోనే ఉన్నింది."

ఫ్యాను తిరుగుతోంది.
నేను తొమ్మిది చెరిపాను.
ఆమె కవరు మడుస్తూ
"దిద్దులే, ఊరికే అన్నా" అంది.

పదీ ఇరవయ్యారుకి కాయితం వేడిగా బయటికొచ్చింది.
నీలి వేలిముద్ర ఆరకుండానే
గేటు వైపు పరుగులాంటి నడక.

సాయంత్రం గడియారాల మారిముత్తు దగ్గర
నలభై రూపాయలిచ్చి ఆ నాణెం కొన్నాను.
లోపల పెట్టి, తేదీ చెప్పి, ఆపేసి,
షట్టరు సగం దించి
కాసేపు వంగి నిలబడ్డాను,
ఏం వినబడుతుందనో.