నిశాని

తార్తూలో నవంబరు. మూడున్నరకే చీకటి.
హీటరు ఒకటే గొణుగుతోంది
మా ఊర్మస్ సారులాగే:
"మూడో అధ్యాయం ఏదమ్మా, వీల్యే?"

నూటయాభై ఏళ్ల కిందటి గ్రామ కోర్టు పుస్తకాలు.
తప్పిపోయిన గొర్రె, ఎగ్గొట్టిన జీతం,
కంచె దూరిన పక్కింటి పంది.
గుమాస్తా గొలుసుకట్టు రాతని
మిషనుకి నేర్పేసరికి రెండేళ్లు పట్టింది.
ఇప్పుడది నాకంటే వేగంగా చదువుతుంది.
వందకి తొంభై ఆరు
అని పట్టికలో గర్వంగా వేసుకున్నాను.

నిన్న రాత్రి నిద్రపట్టక
మిగిలిన ఆ నాలుగూ తెరిచాను.
సిరా మరకలు. పురుగు కొట్టిన అంచులు.
వాటి మధ్య
ఒక ఇంటూ గుర్తు.

రెండు శీతాకాలాల కూలి రాలేదని
దొర మీద ఫిర్యాదుకొచ్చిన
పాలపాక ట్రీనూ
కలాన్ని పలుగులా పట్టుకుని
కాగితం చిరిగేంత గట్టిగా పెట్టిన నిశాని.

దాన్ని మిషను చెత్త అంది.
అనమని చెప్పింది నేనే,
పదిహేడో పంక్తిలో,
శుభ్రం చేసే ఆ బుల్లి కోడ్‌లో.
వెతికితే పద్నాలుగు వందల పన్నెండు,
అన్నీ నేను ఊడ్చిపోసిన చోటే.

అప్పట్నించీ కదల్లేదు.
ఒక్కోదాని చుట్టూ గడి గీసి
పేరు పెడుతున్నాను:
సంతకం. సంతకం. ఇదీ సంతకమే.
మళ్లీ నేర్పితే
తొంభై ఆరు కాస్తా తొంభై ఒకటికి జారింది.
సారేమంటారో.

ఇక్కడ ఎనిమిదైతే గానీ తెల్లారదు.
ఇంకా వెయ్యి పైచిలుకు ఉన్నాయి.
ట్రీనూకి కూలి దక్కిందో లేదో
తరవాతి పేజీలో ఉండాలి.

ఆ పేజీ స్కాన్ కాలేదు.