జాస్తి

అయ్యగారు కళ్ళు మూసుకుంటే
నా ఎడమచెయ్యి డి మైనర్ మీద వాలుతుంది.
"కొంచెం జాస్తి పెట్టరా" అంటుంది
ఆయన చూపుడువేలు.
పెడతాను. ఏడుపులు మొదలవుతాయి.
చిత్తూరు సంతపేట రేకుల షెడ్డులో
ఎవరి కన్నీరు ఏ స్వరం దగ్గర జారుతుందో
నాకు తెలుసు.

మొన్న ఆదివారం కరెంటు పోయింది.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ పులుపు వాసన
కిటికీలోంచి వచ్చి కూర్చుంది.
ఎవరో దగ్గారు.
అయ్యగారి ప్రార్థన సగంలో దారి తప్పింది.

వెనక వరసలోంచి దీవెనమ్మ,
టెంకలు ఏరి పగిలిన చేతులు చాపి:
"నాయనా, మోకాళ్ళు నొస్తా ఉండాయి.
బిడ్డ మళ్ళా తాగొచ్చినాడు.
ఉండావు గదా?"
ఆమెన్ కూడా మర్చిపోయింది.

కరెంటొచ్చింది. కీబోర్డు మీద ఎర్ర దీపం.
అయ్యగారి వేలు లేచింది.
నేను దీవెనమ్మ వైపే చూస్తున్నా,
ఇంకేమైనా అడుగుతుందేమోనని.