శుక్రవారం లోపల

పుదుపేట పాత ఇనప కొట్లలో
మిషను తల ఒకచోట దొరికింది, కాళ్లు ఇంకోచోట.
తల తొమ్మిది వందలు. కాళ్లు తూకానికి.
"చక్రం తిరగదక్కా" అన్నాడు కొట్టు కుర్రాడు అరవంలో,
ఉన్నమాటే.
"తిరిగేదైతే నీ దాకా ఎందుకొస్తుంది" అన్నాను
నా పెరంబూరు అరవంలో.
వంద తగ్గించాడు.

కండక్టరు నాకో టిక్కెట్టు, దానికో టిక్కెట్టు కొట్టాడు.
అది మనిషి కాదు కదయ్యా అంటే
సీట్లో కూచుంది కదా అన్నాడు.

కిరసనాయిలు, అరిగిన పళ్ల బ్రష్షు,
కోడి ఈకతో సందుసందునా నూనె.
మూడో రాత్రికి కటక్ మంది.
రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు
ఇనుముతోనే మాట్లాడి వచ్చిన మా ఆయన
చెవి ఆనించి విని
"ఉంది" అన్నాడు.
ఏముందో చెప్పలేదు.

ఈలోగా తుఫాను వచ్చి పోయింది.
తెల్లారి చూస్తే మా వీధి పొడుగునా
చచ్చిన గబ్బిలాల్లా గొడుగులు.
పైవాటా ఎళిలరసీ నేనూ గోనెసంచి పట్టుకుని
చీలమండల్లోతు నీళ్లలో ఏరాం.
పదకొండు.
కార్పొరేషను వాళ్లమనుకుని ఒక పెద్దాయన
తన గేటు ముందు చెత్త కూడా చూపించాడు.
అదీ ఎత్తి పోశాం, ఏం చేస్తాం.

గొడుగుకి ఎనిమిది ముక్కలు.
బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే
ఎక్కడో ఎవరో ఎంత బిగించి కుట్టారో
నా బొటనవేలికి తెలిసింది.
ఒక ముక్క నిటారుగా, పక్కది తలకిందులుగా
పెట్టుకుంటూ పోతే సంచీ.
కమ్మీలు మేడ మీద చిక్కుడు తీగకి.
వంకర పిడులు తలుపు వెనక కొక్కేలు.
"నీ ఇంట్లో చెత్తబుట్ట పస్తుంటుంది" అంటుంది ఎళిలరసి.
పిసినారి అని వెనక అనేవాళ్లకన్నా నయం.

ఆరో సంచీ దగ్గర దారం అయిపోయింది.
తుప్పు పట్టి బిగిసిన మిషను సొరుగు
అట్లకాడతో పెకలిస్తే
ఒక బాబిను, సగం చుట్టిన నీలం దారం.
రెండు హుక్కులు. గోరంతకి అరిగిన సుద్దముక్క.
నాలుగు మడతల కాగితం.
నా అరవం బస్సు బోర్డుల మేరకే,
ఎళిలరసి చదివింది:

కనకవల్లి.
ఛాతీ ముప్పై నాలుగు. నడుం ఇరవై ఎనిమిది.
చెయ్యి ఎనిమిదిన్నర.
వెనక మెడ దించొద్దు.
శుక్రవారం లోపల.

'దించొద్దు' కింద రెండు గీతలు.
అంతకుముందు ఎవరో దించి ఉంటారు,
ఎంత గొడవయిందో అని నవ్వుకున్నాం.
ఏ శుక్రవారమో రాయలేదు.
ఏ ఏడాదో లేదు.
జాకెట్టు ఇచ్చాకే మిషను అమ్ముకున్నారో
ఇవ్వకుండానే అమ్ముకోవలసి వచ్చిందో
అడగడానికి సొరుగులో ఇంకేం లేదు.
ఎళిలరసి పొయ్యి మీద పప్పుందని వెళ్లిపోయింది.

లెక్క చెప్పమంటే చెబుతాను.
తల ఎనిమిది వందలు, కాళ్లు మూడు వందల డెబ్బై,
టిక్కెట్లు, నూనె, సూదులు.
సంచీ ముప్పైకి అమ్మితే పద్నాలుగు సంచీలు.
రెండు కూరల బండి సెల్వికి ఊరికే.
ఇంకా అప్పులోనే ఉన్నాను మిషనుకి.

పదకొండో గొడుగు గుడ్డ మాత్రం సంచీ కాలేదు.
ఆ సుద్దముక్కతోనే గీశాను.
ముప్పై నాలుగు. ఇరవై ఎనిమిది. ఎనిమిదిన్నర.
మెడ దించలేదు.
నల్ల గుడ్డకి ఆ నీలం దారమే వేశాను,
ఎడమ చెయ్యి సగంలో ఉండగా అయిపోతే
మిగతాది నల్లదారంతో.
వానకి తడవని జాకెట్టు.
ముట్టుకుంటే గరగరమంటుంది, ఎవరు తొడుక్కుంటారు?

తలుపు వెనక గొడుగు పిడికి తగిలించాను.
ఎళిలరసి వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి
కుట్లు లాగి చూసి
"ఎవరికిది?" అంది.

ఇవాళ గురువారమేగా అన్నాను.