సున్నా చూసుకోండి

పొద్దున ఆరింటికి చీర మీద ఈ చొక్కా తొడుక్కుంటే
నా పేరు మాలకొండమ్మ కాదు,
"ఏమ్మే పెట్రోలూ."
సింగరాయకొండ దాటాక హైవేకి ఎడమ పక్క
మూడో నెంబరు పంపు నాది.
రోజుకి మూడొందల సార్లు ఒకే మాట చెబుతా:
సున్నా చూసుకోండి.

చూస్తారు.
సున్నా మీద ఎవరికీ కోపం లేదు.
అది కదిలాకే మొదలవుతుంది.
లీటర్ల అంకె కాలు నొప్పి ముసలమ్మలా నడుస్తుంది,
రూపాయల అంకె కుక్క తరిమినట్టు పరిగెడుతుంది.
రెండూ ఒక్క గొట్టంలోంచే మరి.

ఆరింటికే రేటు మారుతుంది.
ఒకోరోజు ఇరవై పైసలు.
ఇరవై పైసల బిళ్ళ కళ్ళజూసి ఎన్నేళ్ళయిందో,
పైకం పోయేటప్పుడు మాత్రం దానికింకా ప్రాణముంది.

మస్తాన్‌వలి ఆటో, కందుకూరు ట్రిప్పు.
"రెండొందలకి కొట్టు" అంటాడు.
లీటర్లలో అడగడం ఎప్పుడు మానేశాడో వాడికే గుర్తులేదు.
మనిషికి ఐదు పెంచితే
ఆడోళ్ళు దిగి వెనకొచ్చే ఆటో ఎక్కుతున్నారంట.
పెంచకపోతే ఇది అమ్మేసి తానే ఆ ఆటో ఎక్కాలంట.
"నువ్వన్నా కాస్త తగ్గించమ్మే" అని నవ్వుతాడు
రేటు నా కొంగున ముడేసున్నట్టు.

పాకల పోలయ్య
మోపెడ్‌కి అటు రెండు ఇటు రెండు క్యాన్లు కట్టుకొస్తాడు.
"చేపలు తెలివిమీరినయ్యమ్మా,
డీజిల్ అయిపోయే చోటుకి
సరిగ్గా రెండు బారలు అవతలుంటన్నయ్."
నాలుగో క్యాను ఖాళీగానే తీసుకుపోయాడు.
ఎందుకు తెచ్చాడో అడగలేదు నేను.

చెన్నై లారీలు మా దగ్గర ఆగవు.
తడ దాటితే రేటు వేరంట.
అదే రోడ్డు, అదే ఎండ,
ఒక గీత దాటగానే డీజిల్ మెత్తబడుద్దంట.
మా ఓనరు ఆ దుమ్ము వంక చూస్తూ నిలబడతాడు,
చుట్టాలు తన గుమ్మం ముందు నుంచే
పక్కింటి భోజనానికి పోతున్నట్టు.

చెంచయ్య మాష్టారు బిల్లు వెనక లెక్కేసి చూపించారు:
"ఇది నూనె ఖరీదు. ఇది ఢిల్లీది.
ఇది అమరావతిది. ఇదిగో, ఇది రోడ్డు సెస్సు."
విరిగిన మడ్‌గార్డు మీద తట్టి
"ఆ రోడ్డుదేనమ్మా ఇదీ" అన్నారు.
మరి నాదేది సార్ అంటే
కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదట్నించీ కూడారు.
వెనకాల హారన్లు. బిల్లు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నిన్న ఒక తెల్లకారు.
అద్దం నాలుగు వేళ్ళంత దించి
"దొంగలు మీరంతా" అన్నాడు.
మీరంతా అంటే ఎవరెవరని చూశా.
నేనూ, గాలి కొట్టే కుర్రాడూ, ఇసక బకెట్లూ.
సున్నా చూపించలేదన్నాడు. చూపించా.
మేనేజరు వచ్చి సారీ చెప్పి
నా జీతంలో వంద రాసుకున్నాడు.

ఇంటికెళితే పిల్ల ముక్కు మూసుకుంటుంది,
అమ్మా కంపు అంటుంది.
ఇంత ఖరీదైన వాసన మీ క్లాసులో ఎవరమ్మకుందే అంటా.

సాయంత్రం డ్యూటీ దిగి
నా డొక్కు టీవీఎస్ లైనులో పెట్టా.
యాభైకి.
గొట్టం పట్టుకుని ఖాదర్ అలవాటుగా అన్నాడు,
"సున్నా చూసుకోక్కా."

చూశా.
అంకెలు కదిలాయి.
కడుపులోంచి ఏదో ఎగదన్నుకొచ్చింది.
మూడొందల మంది నోట్లో విన్న మాటే,
నా నాలుక చివరికొచ్చి నిలబడింది.
ఎదురుగా ఖాదర్ తప్ప ఎవరూ లేరు.

వాడు కూడా తలొంచుకుని
మామూలుగా, కాచుకునున్నాడు.

మూత బిగించా.
బండిని అటూ ఇటూ ఊపి చెవి పెట్టి విన్నా.
అడుగున కొంచెం చప్పుడు.
ఊళ్ళపాలెం దాకా వస్తుంది.
రేపు పొద్దున రావడానికి
రేపు చూసుకోవాలి.