పట్టూ విడుపూ

పోర్ట్ అగస్టాలో మంగళవారం పొద్దున
క్లెమ్ నోస్కీ షెడ్డులో నా బండి
వెనక చక్రం ఊడదీయించుకుని
మోకాలి చిప్ప మార్పించుకునే పెద్దమనిషిలా
జాకీ మీద కూచుంది.

ఇరవై ఏడేళ్ల బండి. మూడొందల కిలోల బరువు.
రెండు పక్కలా పెట్టెలు, వెనక ఇంకో పెట్టె,
రేడియో ఉంది, పలకదు.
బెరిల్ దగ్గర కొన్నాను. వాళ్లాయన టెడ్‌కి
పదకొండేళ్లు బీపీ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చింది నేనే.
ఆయన బండి నాకొస్తుందని
ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

"బాగానే ఉందిగా, గాడి ఇంకా లోతుంది" అన్నాను.
క్లెమ్ మాట్లాడలేదు. టైరు పక్కన గుడ్డతో తుడిచి
నాలుగంకెలు చూపించాడు.
మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

బాపట్లలో ఫార్మసీ చదివిన నాటి నుంచీ
మాత్రల అట్ట తిప్పి తేదీ చూడ్డమే నా బతుకు,
నేనెక్కి కూచున్న దాని తేదీ మాత్రం చూసుకోలేదు.
దానికి పదేళ్లు నిండాయి.
గోరు గుచ్చమన్నాడు. దిగలేదు.
గాడి ఉంది, పట్టు లేదు.

నేను డాక్టర్ల చేతిరాత చదివినట్టు
అతను అరుగుదల చదువుతాడు.
నడిమి కాస్త బల్లపరుపు: తిన్నని రోడ్ల మనిషి.
కుడి భుజం ఎక్కువ అరిగింది:
ఎడమ పక్కన నడిపే దేశంలో కుడి మలుపే పొడుగట.
కొసాకి వెళ్తే రబ్బరు నూగు అలాగే ఉంది,
పసిపిల్ల చెవి మీది నూగులా.
"టెడ్ ఎన్నడూ అంత వంగలేదు" అన్నాడు.

ఇక ఎంపిక.
గట్టిది పాతికవేల కిలోమీటర్లు మన్నుతుంది,
వానలో మాట వినదు.
మెత్తనిది రోడ్డుని వదలదు,
పదివేలకే అయిపోతుంది.
మూడోది నడిమి గట్టి, అంచులు మెత్తన,
ధర మాత్రం అంతటా గట్టే.

మన్నిక అంటే ప్రాణం పెట్టే ఇంట్లో పుట్టాను.
అమ్మ గిన్నె కొనేముందు వేలితో మోగించి వినేది.
నాన్న చెప్పులకి లారీ టైరు అట్టలు కొట్టించుకున్నాడు,
పన్నెండేళ్లు అరగలేదవి.
తడి గచ్చు మీద ఆయనే జారాడు.
తుంటి విరిగింది.
చెప్పులకేం కాలేదు.

"ఏడాదికెంత తిరుగుతావు?"
ఎనిమిది వేలన్నాను తడుముకోకుండా.
అతను మీటరు చూసే అడిగాడని తర్వాత తెలిసింది.
రెండువేల మూడొందలు.

"గట్టిది నీకు పదేళ్ల పైన వస్తుంది.
ఆరో ఏటికే అది రాయి.
ఈ ఊళ్లో టైర్లు అరిగి చావవు తల్లీ,
షెడ్డులో నిలబడి చస్తాయి."

నాకు యాభై తొమ్మిది.
బిల్లు వెనక భాగాహారం వేసి
సగంలో ఆపేశాను.

మా భాషలో పట్టు అంటే చీర,
పట్టు అంటే మొండితనం,
వేళ్లు దేన్నయినా వదలకపోవడం కూడా పట్టే,
అని చెప్పబోయాను.
విడుపుకి ఇంగ్లీషు దొరక్క ఊరుకున్నాను.

మెత్తనివే వేయమన్నాను. రెండూ.
"మొదటి వంద కిలోమీటర్లు నెమ్మది" అన్నాడు,
"కొత్త రబ్బరు జిడ్డుతో పుడుతుంది."

ఆదివారం సన్నగా జల్లు.
పిచీ రిచీ కనుమలో పాత రైలు పట్టాల పక్కన
కంగారూలకి భయపడి, తడికి భయపడి,
మూడో మలుపు దగ్గర భయపడ్డం మరిచిపోయి
కొంచెం వంగాను.

క్వోర్న్‌లో బేకరీ ముందు ఆపి
కాఫీ చల్లారుతుంటే వెనక చక్రం దగ్గర గొంతుక్కూచున్నాను.
కుడి వైపు నూగు అంగుళం మేర పోయింది.
ఎడమ వైపు ఇంకా ఒత్తుగా ఉంది.
వచ్చిన దారినే తిరిగి వెళ్తే
కుడి మలుపులన్నీ ఎడమవుతాయి, లెక్క సరిపోతుంది.

రోడ్డు చివర ఆకుపచ్చ బోర్డు:
హాకర్, అరవై ఆరు.
క్లెమ్ చెప్పిన వందలో
ఇంకా అరవై మిగిలున్నాయి.