కుడిపక్క

మందుపాతర పేలిన లోయ పేరు చెప్తాడు.
తాడిపత్రిలో మా వీధి పేరు చెప్పలేడు.
హవల్దారు దస్తగిరి అని పెన్షను కార్డులో ఉంది గాబట్టి
నేనూ అట్లే నమ్ముకుంటా ఉండా.

మాట రానప్పుడు ఫోటో తీయమను, అనె డాక్టరమ్మ.
పాత ఫోనుకు తాడు కట్టి మెడలో వేస్తి.

ఆరు నెల్లకు నాలుగొందలు.
సగం తలుపు. సగం సైకిలు.
బండల మిషన్ కాడ తెల్లదుమ్ములో
సగం మనిషి, మా తమ్ముడు మాబుబాషా.
కుక్కరు కూతకు మంచం కిందికి దూరిన పొద్దుది
సిమెంటు నేల, ఒక చెప్పు, అంతా మసక.

ఎడమపక్క లోకమే లేదంట ఆయప్పకు.
కన్ను బాగుంది, మెదడే అటు తిరగదంట.
తట్టలో కుడిపక్క రొట్టె తిని
ఎడమన పప్పు అట్లే పెట్టి
"ఇంతేనా?" అంటాడు.
గమ్మున తట్ట తిప్పుతా.
మళ్లా తింటాడు.

ఇంట్లో యాడ నిలబడాల్నో నేర్చుకోనీకి
ఏడాది పట్టె నాకు.
కోపమొచ్చిన పొద్దు మాత్రం
పోయి ఎడమన కూచుంటా.
ఎవురికీ చెప్పొద్దు.

నిన్న ఆసుపత్రి గోడకు ఫోటోలు అంటించిరి.
వేరే జవాన్ల ఇండ్లోల్లవీ ఉండాయి.
ఎవురో తల్లి, మాత్రల డబ్బాలో
ఆదివారం గడి ఒక్కటే తీసింది.
మాది, తట్ట.
అంచున రెండు వేళ్లు, పసుపంటిన గోర్లు,
తిప్పబోతా ఉండాయి.

"ఎవురివి ఇవి?" అన్నాడు.
నేను పలకలే.
చానాసేపు చూసి ఫోను ఎత్తె.
మొగం గాదు, నా చెయ్యి తీసినాడు.
గాజులు సగానికి తెగినాయి ఫోటోలో,
పోనీ.